బిళ్ళ కరిగిందాకా

చరిత్ర రాయమని నన్నెవరూ అడగలేదు.
తుమ్మలపెంట ఐసు కంపెనీలో
పదకొండేళ్ళు కూపన్లు చించినవాణ్ణి.
దిమ్మకో చీటీ, చీటీకో సంతకం.
స్కోర్లు రాసింది ఆ చీటీల వెనకే కాబట్టి
ఈ మిగిలిన పనీ నాదే.

మొదట అది ఆట కాదు.
అమ్మోనియాకి కళ్ళు మండే రాత్రి,
పడవలు తెల్లారుజాముకి గానీ రావు.
కొక్కెం జారి దిమ్మ పగిలి
అరచేయంత ముక్క తడి సిమెంటు మీద
ఈ గోడ నుంచి ఆ గోడకి పోతుంటే
పామంజి ఏకాంబరం తాటిమట్టతో వెనక్కి కొట్టాడు.
అంతే.
ఏ సంవత్సరమో సరిగ్గా చెప్పలేను.
తుపానుకి ముందే,
అప్పటికింకా మా నెత్తిన రేకులున్నాయి.

రూలు ఒకటే:
బిళ్ళ కరిగిందాకే ఆట.
రోహిణికార్తెలో పొట్టి ఆటలు,
కార్తీకంలో దుప్పట్లు కప్పుకుని చూసే ఆటలు.
గోరంతయ్యాక ఎవడో ఒకడు తీసి
నోట్లో వేసుకునేవాడు.
"సమానం" అని రాసేవాణ్ణి.

తర్వాత రొయ్య వచ్చింది.
వరిమళ్ళు గుంటలయినాయి,
కావలి బజార్లో కొత్త స్కూటర్లకి దండలు పడ్డాయి.
రొయ్యకి ఐసు కావాలి, ఐసుకి మనుషులు కావాలి,
మనుషులు రాత్రంతా మేలుకుని ఉండాలి.
ఇసకపల్లిలో ఒక జట్టు, రామాయపట్నంలో ఒకటి.
గోలుకి రెండు రూపాయలన్నాడు
మా షావుకారు మాలకొండారెడ్డి.
ఆ మాటతో ఆట ఉద్యోగమయింది.
నెలకి నూటయాభై, ఒక జత రబ్బరు బూట్లు ఇచ్చి
ఏకాంబరాన్ని ఇసకపల్లోళ్ళు ఎత్తుకుపోయారు.
సిగ్గుపడి వాళ్ళావిడ
మా కంపెనీ బోరింగులో నీళ్ళు పట్టడం మానేసింది.

ఆ ఏడే మా గోలులో చెంచమ్మ నిలబడింది,
రొయ్య తలలు గిల్లే షెడ్డు నుంచి నేరుగా వచ్చి.
ఐసులో నానిన వేళ్ళకి దెబ్బ తెలీదంది.
సత్తు బేసిను అడ్డం పెట్టి
పద్నాలుగు ఆటల్లో ఆరంటే ఆరే వదిలింది.
ఆపిన ప్రతి పదికీ
మగాళ్ళకయితే రెండు, ఆమెకి రూపాయి.
అదీ ఉంది నా చీటీల్లో. నా చేతిరాతే.

షావుకారు మేడ మీద గొడుగంత డిష్షు పెట్టించాడు.
ఒక రాత్రి వార్తలకని నొక్కితే
ఎక్కడిదో దేశం వచ్చింది:
చెరువంత ఐసు, బూట్ల కింద కత్తులు,
వంకర కర్రలు, గోడకేసి గుద్దుకోవడాలు.
"మనాట! ఇది మనాటే!"
అప్పటికి ఇటువైపు తిరిగొచ్చేసిన ఏకాంబరం
లుంగీ బిగించుకుని లేచి నిలబడ్డాడు.
వాళ్ళ బిళ్ళ నల్లగా ఉంది.
రబ్బరంట. కరగదంట.
గుమ్మం అవతల నుంచే చెంచమ్మ అంది:
"కరగనిదాంతో ఆటేందబ్బయా,
మరి ఇంటికెప్పుడు పోతారు?"

రొయ్యకి తెల్లమచ్చ తగిలిన ఏడు
ముందు గోలు డబ్బులు ఆగినాయి,
తర్వాత జీతాలు,
తర్వాత కరెంటు బిల్లు.
చివరి రాత్రి ఫీజు పీకేసి పోయారు లైనోళ్ళు.
తొట్టిలో దిమ్మలు డబ్బాల్లోనే మెత్తబడుతున్నాయి,
రామాయపట్నం లారీ రాలేదు.
మావాళ్ళే రెండుగా చీలి ఆడారు.
ఆ రాత్రి బిళ్ళలకి కరువు లేదు,
ఒకటి కరిగితే ఇంకోటి,
పొద్దుపొడిచిందాకా ఎవరూ ఇంటికి పోలేదు.
లాంతరు కింద రాసుకున్నాను గానీ
ఆ ఒక్క చీటీ లేదు.
దాంట్లో బొరుగులు పొట్లం కట్టుకుపోయింది
చెంచమ్మ, పిల్లోడి కోసం.

ఇప్పుడక్కడ మోటారుసైకిళ్ళు కడుగుతారు.

మొన్న సోడాకొట్టు ముందు
కుర్రాడు గోనెపట్టలో ఐసు కొడుతుంటే
ముక్కొకటి జారి రోడ్డెక్కింది.
డెబ్బైనాలుగేళ్ళ కాలు
నన్నడక్కుండానే అడ్డం పోయింది.
ఆపాను.
"ఏంది తాతా?" అన్నాడు వాడు.
చెబుదామని నోరు తెరిచేలోపల
చెప్పు కింద తడి.